బిడ్డను దాచిన తల్లిదా నేరం?

1955లో కెనడా సర్కారు కరీబియన్ దీవుల నుంచి ఇంటిపనికి ఆడవాళ్లను పిలిచింది. మొదటి విడత 100 మంది. 75 మంది జమైకా వాళ్లు, 25 మంది బార్బడోస్ వాళ్లు. షరతులేమిటి? వయసు 18 నుంచి 35 లోపు. పెళ్లి కాకూడదు. బిడ్డలుండకూడదు. ఏడాది చాకిరీ చేస్తే అక్కడే ఉండిపోవచ్చు.

వాళ్ల బిడ్డల్ని సాకటానికి మనిషి కావాలి. ఆ మనిషికి మాత్రం బిడ్డలుండకూడదు! ఇదెక్కడి న్యాయం?

కొందరు తల్లులు బిడ్డల్ని అమ్మమ్మల చేతుల్లో పెట్టి, కాగితం మీద 'లేరు' అని రాసి పోయారు. పరాయి బిడ్డకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్నారు. జీతం చేతికి రాగానే సొంత బిడ్డకు పంపారు.

1967లో ఆ పథకం ముగిసింది. అనుమానం ముగియలేదు. 1970లలో, ఇంటిపనికే వచ్చిన ఏడుగురు జమైకా తల్లులు తమ పిల్లల్ని పిలిపించుకోబోతే, 'దాచారు, దేశం వదిలి పొండి' అన్నారు. వాళ్లు తల వంచుకుని పోలేదు. 'పనికి పనికొచ్చినవాళ్లం, ఉండటానికి పనికిరామా?' అని వీధికెక్కారు. సంఘాలు తోడు నిలిచాయి. 1979లో గెలిచారు.

కెనడా కథ మనకెందుకంటారా? మా తరగతిలోనూ అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలున్నారు. అమ్మ కువైట్‌లో పరాయి పిల్లల్ని పెంచుతోంది. బడి కాగితంలో 'తల్లి వృత్తి' అన్నచోట పంతుళ్లం మేమే 'గృహిణి' అని రాసేశాం. బిడ్డను దాచమన్నది ఆ సర్కారు. తల్లి చాకిరీని దాచింది మేము.

ఇకమీదట 'కార్మికురాలు' అని రాస్తాం. మీరూ రాయండి, రాయించండి.