మెకానిక్కుకి రీడ్ యాక్సెస్ ఇవ్వండి

కర్నూలు నుంచి కడపకి సుమారు 200 కిలోమీటర్లు. బండి మీద వెళ్ళేవాళ్ళకి దారిలో నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు అంటే వట్టి ఊళ్ళు కావు, బండి ఆగితే అవే దిక్కు. మే నెల ఎండలో బండి తోసినవాళ్ళకి తెలుస్తుంది, రోడ్డు పక్క మెకానిక్కు విలువేంటో.

పాత బండైతే ప్లగ్గు విప్పి మసి గీకి, కార్బురేటర్ జెట్ ఊది, "ఏం గాదులేన్నా, పో" అని పంపించేవాళ్ళు. 2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక చాలా బండ్లకి కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు, ఈసీయూ వచ్చాయి. పొగ తగ్గింది, సంతోషం. నా గొడవ దాంతో కాదు.

జబ్బేంటో బండికి తెలుసు. ఫాల్ట్ కోడ్ ఈసీయూలోనే ఉంటుంది. కానీ దాన్ని పూర్తిగా చదివే స్కానరూ, అర్థం చెప్పే మాన్యువలూ ఎక్కువగా కంపెనీ సర్వీస్ సెంటర్లకే పరిమితం. లాగ్స్ చూపించకుండా ప్రొడక్షన్ బగ్ ఫిక్స్ చెయ్యమంటే మనం ఊరుకుంటామా? మెకానిక్కుని మాత్రం "వీడికి కొత్త టెక్నాలజీ రాదు" అనేస్తాం. రాక కాదండీ, యాక్సెస్ లేక!

2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. వాహనాలూ అందులో ఉన్నాయి. అయితే పోర్టల్లో కంపెనీలు పెట్టినంతే దొరుకుతుంది. కోడ్ల అర్థాలు తెలుగులో, అందరికీ ఇచ్చి తీరాలని చట్టమే ఉండాలి.

భద్రత మాటేమిటంటారా? ఈసీయూలో రాయనివ్వమని కాదు, చదవనివ్వమనే అడుగుతున్నా. లేకపోతే ఆ షాపులు ఒక్కొక్కటే మూతపడతాయి. అప్పుడు చాగలమర్రి దగ్గర బండి ఆగితే ఎవరికి టికెట్ రైజ్ చేస్తాం?