పేకముక్కలలో కాశీమజిలీ

కొల్లేటి చుట్టుపట్ల పల్లెలలో పేకముక్కకు మంచి పేరు లేదు. సంక్రాంతి మూడు రోజులలోను కోడిపందెపు బరి పక్కన గుండాటలోనో, మూడుముక్కలాటలోనో పంటసొమ్ము పోగొట్టుకొని ఇంటికి చేరిన గృహస్థుల కథలు ఏలూరు మొదలు తాడేపల్లిగూడెం దాకా చెప్పనివారు లేరు. అందుచేత చేపలచెరువు గట్టున కాపలా కూర్చున్న కుర్రవాని ఫోనులో గాని, తాడేపల్లిగూడెంలో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చదివే విద్యార్థి కంప్యూటరు మీద గాని ముక్కలు కనుపిస్తే, పెద్దల గుండె గతుక్కుమనటం సహజమే. “మళ్ళీ పేకేనా!” అన్న మాట వెంటనే వస్తుంది. ఆ భయం అర్థంలేనిది కాదు. కాని ఆడుతున్నది ఏ ఆట అని అడగకుండానే తీర్పు చెప్పటం న్యాయం కాదు.

పేక అంతా ఒకటి కాదన్న సంగతి న్యాయస్థానాలు ఏనాడో గుర్తించినవి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అనీ, మూడుముక్కలాట వలె కేవలం అదృష్టం మీద ఆధారపడేది కాదనీ తేల్చింది. అయినా ఆ ఆటలోకి పందెం ప్రవేశించి, ఇంటింటి ఫోనులోకి పాకినందున, 2020లో రాష్ట్ర ప్రభుత్వం జూద చట్టాన్ని సవరించి దానిని నిషేధించవలసి వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025లో పార్లమెంటు కూడ చట్టం చేసింది. ఈ చట్టాల ఆగ్రహం ముక్క మీద కాదు, పందెం మీద. పెద్దల ఆగ్రహం కూడ అక్కడే నిలవటం మంచిది.

ఈ కుర్రవారిని ఆకర్షిస్తున్న ఆటలలో పందెం కాదు, కథ ఉన్నది. 2019లో పూర్తిరూపంలో వెలువడిన ‘స్లే ది స్పైర్’ అనే ఆటలో నాయకుడు ఒక మహాగోపురాన్ని అంతస్తు తరువాత అంతస్తుగా ఎక్కుతాడు. అతని కత్తి ఒక ముక్క, డాలు ఒక ముక్క. మొదట చేతిలో ఉండేవి కొద్దిపాటి బలహీనమైన ముక్కలే. ఒక్కొక్క యుద్ధం గెలిచినప్పుడు కొత్త ముక్కలు మూడు ఎదుటికి వస్తవి. వాటిలో ఒకటి తీసుకోవచ్చును. ఏదీ వద్దని సాగిపోవచ్చును కూడ. ప్రాణం పోతే మళ్ళీ మొదటినుంచి ఎక్కవలసిందే. అనుభవం లేనివాడు దొరికినదల్లా పోగుచేసుకొంటాడు. పేక బరువెక్కి, అవసరమైన వేళకు అవసరమైన ముక్క చేతికి రాదు. బరువు మించిన దోనె మునుగుతుందని కొల్లేటి జాలరికి ఎవరూ చెప్పనక్కరలేదు. వద్దనటం కూడ ఒక నేర్పే అన్న సంగతి మాత్రం ఆటగాడు పదిసార్లు మునిగిగాని తెలుసుకోడు.

2021లో జపానునుంచి వచ్చిన ‘వాయిస్ ఆఫ్ కార్డ్స్’ ఇంకొక మెట్టు పైకి పోయింది. అందులో ఊరు ఒక ముక్క, అడవి ఒక ముక్క, రాక్షసుడు ఒక ముక్క. దారి అంతా బోర్లించిన ముక్కలే. నడచినకొద్దీ అవి తిరగబడి ఏమున్నదో చూపుతవి. ఒకే కంఠం కథ అంతా చెబుతూపోతుంది.

ఈ పద్ధతి తెలుగువారికి కొత్తదేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథల’లో మణిసిద్ధుడు కాశీకి పోతూ తోడుగా ఒక గొల్లవాణ్ణి వెంటబెట్టుకొంటాడు. ప్రతి మజిలీలోను ఆ కుర్రవాడు ఒక వింత చూచివచ్చి, దాని కథ చెప్పమని పట్టుబడతాడు. కథ ఉన్నందువల్లనే కాళ్ళనొప్పి మరచి తరువాతి మజిలీకి నడుస్తాడు. నేటి కుర్రవాడు ముక్క తిప్పటంలోను అదే కుతూహలం ఉన్నది. తిరగబడబోయే ముక్కలో ఏమున్నదో అన్న ఆరాటం లేనిదే ఏ కథా నడవదు.

కుతూహలం కంటె లోతైన ఆకర్షణ మరొకటి కలదు. ఏ ముక్క వస్తుందో దైవాధీనం. వచ్చినదానితో ఏమి చేయాలో పురుషకారం. వాన ఎంత పడుతుందో, బుడమేరు, తమ్మిలేరు ఎంత నీరు తెస్తవో కొల్లేటి రైతు చేతిలో లేదు. ఏ విత్తనం చల్లాలో, గట్టు ఎక్కడ బిగించాలో అతని చేతిలో ఉన్నది. భారతంలోని నలుడు పాచికలకు రాజ్యం పోగొట్టుకొన్నాడు. ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం నేర్చుకొన్న తరువాతనే దానిని తిరిగి పొందగలిగాడు. ఓటమికి కారణం వెదికి, మళ్ళీ మొదటి మెట్టు మీద కాలు మోపే ఓర్పు ఈ ఆటలు నేర్పగలిగితే, దానిని తీసివేయటానికి వీలులేదు.

అయితే జూదం వేషం మార్చుకొని రాలేదా అంటే, వచ్చింది. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితశాస్త్రజ్ఞుడు కల్పించిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ ఆటలో ముక్కలను మూసిన పొట్లాలలో అమ్మారు. లోపల ఏమున్నదో కొన్న తరువాతగాని తెలియదు. ఫోను ఆటలు అనేకం ఈ కిటుకునే పట్టుకొన్నవి. అపురూపమైన ముక్క కోసం పొట్లం మీద పొట్లం కొనే కుర్రవాడు వీరుడుగా గోపురం ఎక్కటం లేదు. గుండాట ముందు కూర్చున్నాడు. ఒక్కసారి వెల చెల్లించి ఆడుకొనే ఆటకూ, ఆడినంతకాలం జేబు తడిమే ఆటకూ గల భేదం తెలియటమే ఇక్కడ వివేకం. నిద్ర మాని ఆడితే మంచి ఆట కూడ చెరుపే చేస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

ఒక కొరత మాత్రం మిగిలి ఉన్నది. ఈ దేశంలో ఒకప్పుడు గంజిఫా ముక్కల మీద దశావతారాలను చిత్రించారు. ఒక్కొక్క అవతారానికి 12 చొప్పున 120 ముక్కలు. అటువంటి దేశపు పిల్లలు పరాయి గోపురాలే ఎక్కుతున్నారు. మజిలీ మజిలీకి ఒక వింత గల కథలు తెలుగులో కుప్పలుగా ఉన్నవి. యంత్రవిద్య నేర్చిన యువకులు తాడేపల్లిగూడెంలోనే ఉన్నారు. ఈ రెంటికీ పరిచయం కావలసి ఉన్నది.

అది జరిగేలోపల ఏలూరులోని ఏ తండ్రి అయినా చేయగలిగిన పని ఒకటి కలదు. “మళ్ళీ పేకేనా!” అని గద్దించటానికి బదులు, మంచం అంచున కూర్చుండి, “కథ ఎక్కడిదాకా వచ్చిందిరా?” అని అడగవచ్చును. కొడుకు చెప్పటానికి కథ ఉంటే భయపడనక్కరలేదు. చెప్పటానికి లెక్క మాత్రమే ఉంటే, అప్పుడు గద్దించవచ్చును.