స్టేషను చెంత నెవరు నివసింపవలెను?

పలాసకును మందస రోడ్డునకును నడుమ సుమ్మాదేవి యను చిన్న రైలు స్టేషను కలదు. మెయిలు బండ్లలో పోవువారు దాని పేరు చదువులోపలనే యది వెనుకకు పోవును. అయినను మన ప్రాంతపు టూళ్లు మున్ముం దేరీతిని పెరుగవలెనో యాలోచించుటకు అట్టి స్టేషనుకంటె తగిన చోటు లేదని మా యభిప్రాయము.

మన సీమను చూడుడు. పడమట మహేంద్రగిరి, తూర్పున సముద్రము. నడుమనున్న సన్నని నేలమీద 1893-1896 సంవత్సరముల మధ్య వేయబడిన ఈస్టుకోస్టు రైలుమార్గమును, దాని పొంతనే నేటి 16వ జాతీయ రహదారియు సాగుచున్నవి. ఊళ్లను గ్రుచ్చుకొనుటకు దారము సిద్ధముగ నున్నట్లే. కాని మనము గ్రుచ్చుకొంటిమా? మందస రోడ్డు, శ్రీకాకుళం రోడ్డు అను స్టేషను పేళ్లలోని 'రోడ్డు' అను మాట యేమి తెలుపుచున్నది? ఊరిచ్చట లేదు, ఇంకను పోవలెనని కదా! శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో నున్నది. టెక్కలివారు పెద్దలైను బండి యెక్కుటకు నౌపడ పోవలెను. టెక్కలిమీదుగా 1900లో నడువ నారంభించిన పర్లాకిమిడి చిన్నబండియు 2004లో నిలిచిపోయి, వెడల్పు పట్టాలమీద మరల 2011లో గాని రాలేదు.

పలాస మాత్రము స్టేషనును ఆనుకొని పెరిగినది. కాశీబుగ్గ బజారు, జీడిపప్పు కర్మాగారములు అన్నియు దాని చుట్టునే యున్నవి. ఇది మంచిదే. అయితే ఇచ్చటనే చిక్కున్నది. బండి యాగుచోట నేలకు వెల హెచ్చును. వెల హెచ్చినకొలది అంగళ్లును మేడలును దగ్గరకు వచ్చును. జీడిపప్పు వలిచి జీవించు స్త్రీ దూరమునకు జరుగును. బీదలకు ఇండ్ల స్థలము లిచ్చునప్పుడు చౌకయైన నేలనే వెదకుట వాడుక. చౌకనేల యన దూరపు నేల. ఇంటిలో మిగిలిన రూపాయి ఆటోలో ఖర్చగును. ఎవరికి బండి మిక్కిలి యవసరమో వారే దానికి మిక్కిలి దూరమున నుండుట యెంత వింత!

ఈ కష్టము ఉద్దానమువారికి తెలిసినంతగా మరెవరికిని తెలియదు. మూత్రపిండ వ్యాధిగ్రస్తులకై 2023 డిసెంబరు 14వ తేదీని పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును తెరువబడినవి. డయాలిసిస్ చేయించుకొనువాడు వారమునకు రెండు మూడు మారులు పోవలెను. తిరిగి వచ్చునప్పుడు కాలు తేలిపోవుచుండును. అట్టివాడు బస్సు దిగి యింటివరకు ఎండలో నడువవలసిన మైలును ఏ లెక్కలో వ్రాయుదుము? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చినది మొదలు పలుచోట్ల నీడయు కఱవైనది. స్త్రీలకు 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రపు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. సంతోషమే, కాని బస్సు దాకా నడువ దారి లేనివారి కా సంతోషము సగమే.

రైలు సంగతియు నట్టిదే. 2020లో కరోనాచే నిలిచిన ప్యాసింజరు బండ్లు మరల నడచునప్పుడు, 10 రూపాయల కనీసపు టికెట్టు 30 రూపాయలయ్యెను. 2024 ఫిబ్రవరిలో గాని అది తగ్గలేదు. కూలికి పోవువాని కా యిరువది రూపాయలు చిన్నవి కావు.

బ్రెజిల్ దేశమందలి కురిటిబా నగరమువారు 1974 మొదలు బస్సులకు ప్రత్యేకపు బాటలు వేసి, ఆ బాటల వెంబడినే ఎత్తయిన కట్టడములకు సెలవిచ్చిరి. మన కేంద్ర ప్రభుత్వమువారును 2017లో ప్రకటించిన విధానమున స్టేషనునుండి 500 మొదలు 800 మీటర్లలోపల, అనగా పది పండ్రెండు నిమిషముల నడకలో, నివాసములు దట్టముగ నుండవలెననియు, అందు బీదలకు పాలుండవలెననియు చెప్పియున్నారు. అవి మహానగరములకు గాని మన పల్లెల కేల యని కొందరందురు. మా మనవి వేరు. మహానగరములలో నేల చేజారినది; సుమ్మాదేవి వంటి చోట్ల నింకను చేజారలేదు. నేలవెల యెగయకముందే స్టేషనునుండి అరమైలులోపల బీదలకు స్థలములు కేటాయించుట సులభము, పిమ్మట దుర్లభము. పట్టాలకు అడ్డముగ దాటు అవసరము లేకుండ క్రిందిదారియో, వంతెనయో కావలెను. చుట్టుప్రక్కల పేటలనుండి చెట్లనీడ గల కాలిబాటయు, అచ్చటచ్చట కూర్చుండుటకు తిన్నెయు కావలెను. వీనికి కోట్లు పట్టవు.

జెకర్యా ప్రవక్త తన గ్రంథము ఎనిమిదవ అధ్యాయమున బాగుపడిన యెరూషలేమును వర్ణించుచు, కోటలను గూర్చి చెప్పక, చేతికఱ్ఱ పట్టుకొని వీధిలో కూర్చున్న ముసలివారిని, ఆడుకొను బాలబాలికలను చూపినాడు. ఊరి మంచిచెడ్డల నిట్లు కొలిచిన యింజనీరును మే మింతవరకు చూడలేదు! మా పాఠశాలకు వచ్చు పిల్లలలో కొందరు లారీలు పరుగిడు రహదారి యంచుననే నడచి వచ్చుచున్నారు. వానకాలపు ఉదయములందు వారు హాజరు పలుకువరకు మా మనస్సు కుదుటబడదు.

వచ్చు వేసవిలో పై తరగతుల విద్యార్థులచే తమతమ పేటలనుండి స్టేషనునకును బస్సు ఆగుచోటికిని గల దారులను టేపుతో కొలిపించి, నీడ యెచ్చట గలదో, గట్టు తెగినదెచ్చటనో గుర్తు వేయించి పటము వ్రాయింప నుద్దేశించియున్నాము. పంచాయతీవారు చూడగోరినచో అది భూగోళము తరగతి గోడమీద వ్రేలాడుచుండును.