కాగితాలు మనల్నే అడుగుతారా?

సత్తుపల్లి నుంచి భద్రాచలం దాకా పోడు చేసుకునే మనల్ని, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నట్టు రుజువు చూపమంటారు. మరి భూమి కింద గొట్టం వేసిన కంపెనీని రుజువు అడిగేదెవరు?

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ గొట్టం పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపడంతో తుప్పు పట్టిందని విచారణలో తేలింది. తుప్పు ఒక్క రాత్రిలో పట్టదు. ఎప్పుడు లీకైంది, ఎక్కడ అతుకు వేశారు, ఇనుము మందం ఎంత మిగిలింది అన్నది రాసిపెట్టి, రాసింది చదివితేనే ప్రమాదం ముందుగా తెలుస్తుంది.

విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు పెట్రోలు, డీజిలు కూడా గొట్టాల్లోనే వస్తున్నాయి. అవి కారితే ముందు చెడేది బావి, వాగు.

1962 చట్టం ప్రకారం గొట్టం పోయే భూమి రైతు పేరునే ఉంటుంది. కానీ అక్కడ ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. కట్టుబాట్లు రైతుకు, రిజిస్టర్లు కంపెనీ బీరువాకా?

తనిఖీ రికార్డు ఏటా గ్రామసభలో, జనానికి తెలిసిన భాషలో చదివి వినిపించాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, దరఖాస్తు పెట్టండి. పంతుళ్లారా, అది రాయడం బడిలోనే నేర్పండి. బీరువాలో దాచిన రికార్డు ఏ ఊరినీ కాపాడదు.