కథలోని మాంత్రికుడు – మన మంత్రము



గత శ్రావణ మాసములో ఒక శుక్రవారము సాయంసమయమున మా ఆలయ ముఖమండపములో వాగ్వాదము జరిగినది. కారణము ఒక పుస్తకము. కొల్లిపర లంకభూములలో పసుపు పండించు ఒక పెద్దాయన మనుమని కొరకు 'రాకాసిలోయ' నవలను తెనాలిలో కొని, కొబ్బరికాయ, అరటిపండ్లతో పాటు పూజపళ్లెములోనే ఉంచి నా చేతికిచ్చినారు. "అమ్మవారి పాదాల దగ్గర పెట్టి ఇవ్వండి పంతులుగారూ, పిల్లవాడికి చదువు మీద ధ్యాస పుట్టాలి" అని వారి కోరిక. ప్రక్కనే ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులు అట్టమీది పేరు చూచి నిర్ఘాంతపోయినారు. "రాకాసుల పుస్తకాన్ని అమ్మవారి పాదాల దగ్గరా? పోతన గారి భాగవతం దొరకలేదా నీకు?"

నేను ఆ పుస్తకమును గర్భాలయములోనికి తీసికొనిపోలేదు. గడప వద్దనే అట్టమీద కుంకుమబొట్టు పెట్టి తిరిగి ఇచ్చినాను. ఇరువురికీ తృప్తి కలుగలేదు. నాకును కలుగలేదు. ఆ అతృప్తియే ఈ వ్యాసమునకు మూలము.

ఈ తరము పాఠకుల కొరకు కొంత చెప్పవలసి ఉన్నది. 1947 జూలైలో మద్రాసునందు ఆరంభమైన 'చందమామ' మాసపత్రికకు మన ప్రాంతముతో గల బంధము సామాన్యమైనది కాదు. నాగిరెడ్డి గారితో కలిసి దానిని స్థాపించిన చక్రపాణి గారు తెనాలివారు. 1952 నుండి 1980లో మరణించువరకు సంపాదక భారమును వహించిన కొడవటిగంటి కుటుంబరావు గారి జన్మస్థలమును తెనాలియే. ఆ పత్రికలో 1954లో 'తోకచుక్క'తో మొదలై 'భల్లూక మాంత్రికుడు' వరకు పన్నెండు అద్భుత ధారావాహికలను రచించినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. వారును గుంటూరు జిల్లా బిడ్డయే. పత్రికలో వారి పేరు అచ్చుపడెడిది కాదు. చిత్ర గారి బొమ్మలు, నెలనెలా ఉత్కంఠతో ఆగిపోవు కథ, ఇంతే పాఠకునకు తెలిసినది. ఎందరో గృహస్థులు ఆ పుటలను విడదీసి దారముతో కుట్టి దాచుకొన్నారు. మా మేనమామగారి ఇంట అటువంటి కుట్టుపుస్తకమొకటి అటుకమీద ఉండెడిది. నేను సమరసేనుని, ఏకాక్షిని, చతుర్నేత్రుని ఎరిగినది దాని వలననే. అది వేదపాఠశాలలో చేరుటకు పూర్వపు మాట.

ఆనాటి మండపములో వాదము ఇరువురితో ఆగలేదు. ఉపాధ్యాయుల ఆక్షేపణ ఇది: ఈ కథలలో మంత్రమనగా మిడతను ఏనుగుగా మార్చు గారడి, మాంత్రికుడనగా ఎముకల దండ ధరించిన క్రూరుడు, వేదమాతను ఉపాసింపవలసిన వయస్సులో బాలుని మనస్సున ఈ సంస్కారము పడినచో రేపు గాయత్రిని కూడ అదే కోవలో జమకట్టును. రైతుగారి సమాధానము సూటిగా ఉన్నది. "మా నాయన నాచేత భాగవతం చదివించలేకపోయాడండీ. కేశవుడు, జయమల్లు ఆ లోయలో ఏమయ్యారో తెలుసుకోవాలని అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ అలవాటే తరువాత నన్ను పోతనగారి దగ్గరకు తీసుకెళ్లింది." ఇంటినుండియే సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయుచున్న ఒక అమ్మాయి ప్రదక్షిణము ముగించి వచ్చి మూడవ మాట చెప్పినది. "తాతగారూ, మంత్రాల సంగతి అటుంచండి. ఆ సాహసాలన్నీ మగపిల్లలవే. నేను ఎంత వెదికినా నాకంటూ ఒక్క పాత్ర దొరకలేదు." ఇది విని పెద్దలిద్దరును మౌనము వహించినారు. ఆ అమ్మాయి పలికినది సత్యము.

హేతువాదుల అభ్యంతరమును ఇక్కడ స్మరింపదగినదే. దయ్యములు, మాయలు, మంత్రదండములు పిల్లలకు మూఢవిశ్వాసము నేర్పునని వారందురు. మంత్రమునకు అవమానమని ఆస్తికుడు, మంత్రమునకు ప్రచారమని నాస్తికుడు ఒకే పుస్తకమును ఒకే అరుగుపై కూర్చుండి నిందించుట చూచిన నాకు నవ్వు వచ్చును. సంపాదకులైన కుటుంబరావు గారు స్వయముగా భౌతికవాదదృష్టి గలవారు. వారి హయాములోనే రామాయణ భారతములును, ఈ మాయాకథలును ఆ పత్రికలో ప్రక్కప్రక్కనే వెలువడినవి.

ఇక నా అపరాధమును చెప్పుకొనవలెను. సుమారు ఇరువది సంవత్సరముల క్రితము హ్యారీ పాటర్ చలనచిత్రములు ఊరూరా ఆడుచున్న కాలములో, ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చినది. బాలునకు పన్నెండేండ్లు. చేతిలో లావైన ఆంగ్ల పుస్తకము. "రాత్రింబవళ్లు ఇదే చదువుతున్నాడు, సంధ్యావందనం మానేశాడు" అని ఆమె ఆవేదన. నేను పుస్తకమును తెరవలేదు. అట్టమీది చీపురుకట్టను, దుప్పటి వంటి అంగీని చూచి "ఇది క్షుద్రవిద్య, ఇంట ఉంచరాదు" అని తీర్పు చెప్పితిని. ఆమె దానిని కాలువలో విడిచినది. పిల్లవాడు ఏడువలేదు, నన్ను చూచినాడంతే. ఆపై ఆ బాలుడు ఆలయమునకు వచ్చుట మానినాడు. నిరుడు తన కుమార్తె అక్షరాభ్యాసమునకు వచ్చినాడు. కార్యక్రమము చక్కగా జరిగినది. దక్షిణ ఇచ్చి పాదములకు నమస్కరించి, మృదువుగానే అడిగినాడు: "పంతులుగారూ, ఆ రోజు ఆ పుస్తకం మీరు చదివారా?"

చదువలేదని చెప్పినాను. మరి ఏ ప్రమాణముతో చెప్పితినని అతడు అడుగలేదు. ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములను వల్లెవేయు మాబోటివారిని ఆ ప్రశ్న అడుగవలసిన పనియే లేదు. ఆ గ్రంథమాల 1997 నుండి 2007 వరకు ఏడు సంపుటములుగా వెలువడినది. అమెరికాలో 2000 – 2009 మధ్య గ్రంథాలయములలో అత్యధికముగా అభ్యంతరములకు గురియైన పుస్తకములలో అదియే ప్రథమమని ఆ దేశపు గ్రంథాలయ సంఘము లెక్కించినది. అక్కడి కొందరు క్రైస్తవ మతస్థులు పలికిన మాటనే కృష్ణాతీరమున నేనును పలికితిని. మతములు వేరైనను చదువక పలుకుటలో మేము సహపాఠులము.

నాటినుండి ఆలోచించుచున్నాను. శాస్త్రదృష్టితో ఈ విషయమును ఎట్లు చూడవలెను?

రజ్జువునందు సర్పభ్రాంతి అందరూ వినిన దృష్టాంతమే. ఆ భ్రాంతి కలుగుటకు అజ్ఞానము తప్పక ఉండవలెను. అది త్రాడని ఎరిగినవాడు భయపడడు, పరుగెత్తడు. కాని నైయాయికులు మరియొక విధమైన జ్ఞానమును చెప్పుదురు. దానికి ఆహార్యజ్ఞానమని పేరు. వస్తువు అట్టిది కాదని నిశ్చయముగా తెలిసియుండియే, తన ఇచ్ఛచేత అట్టిదని భావించుట. ముఖమును చంద్రుడని కవి పలుకునప్పుడు ఆకాశమునుండి చంద్రుడు దిగివచ్చినాడని కవియును, శ్రోతయును అనుకొనరు. కఱ్ఱపుల్లను కాళ్ల నడుమ నుంచుకొని "నా గుఱ్ఱము" అని పరుగిడు బాలుడు దానికి దాణా పెట్టడు. అమ్మ పిలిచినంతనే గోడకు ఆనించి అన్నమునకు వచ్చును. ఇది భ్రాంతి కాదు. భ్రాంతి మనలను ఆక్రమించును, ఆహార్యమును మనమే తెచ్చుకొందుము, మనమే విడుతుము. రాకాసిలోయను చదువు బాలుడు ఈ రెండవ కోటికి చెందినవాడు. పుస్తకము మూసినంతనే లోయ మూసికొనును. బ్రహ్మదండి మాంత్రికుడు ఉన్నాడని నమ్మి పొలము అమ్మినవాడెవ్వడును లేడు. నమ్మి పొలములు అమ్ముకొన్నది తావీదులు కట్టు నకిలీ స్వాముల మాటకు. అది కథ అని అక్కడ ఎవ్వరును చెప్పలేదు కదా.

మరియొక అంశము. భావనాశక్తి లేనివానికి ఉపాసన ఎట్లు కుదురును? ధ్యానశ్లోకము పఠించి దేవతను చతుర్భుజములతో, ఆయుధములతో, ఆభరణములతో హృదయమున నిలుపుకొనుమని చెప్పుచున్నాము. సాలగ్రామమునందు విష్ణుబుద్ధిని శంకర భగవత్పాదులే ఉదాహరణముగా చెప్పినారు. ఉపాసన శాస్త్రవిహితము, కథ స్వేచ్ఛాకల్పితము. ఈ భేదమును నేను చెరపుట లేదు. కాని రెంటికిని పనిముట్టు ఒకే మనస్సు. ఎన్నడును లేని లోయను కన్నులు మూసికొని చూడగలిగిన బాలుడు, రేపు దహరాకాశమును గూర్చి చెప్పినప్పుడు తెల్లబోవడు. పాఠశాలలో నాతోపాటు చదివినవారిలో ధ్యానము కుదురుట లేదని బాధపడినవారు ఎక్కువగా కథలు ఎరుగనివారే. ఇది నా అనుభవము మాత్రమే.

అద్భుతకథలు మన సంప్రదాయమునకు వెలుపలివని తలచువారికి బృహత్కథ వృత్తాంతమును గుర్తు చేయుచున్నాను. సోమదేవుని కథాసరిత్సాగరము చెప్పునది ఇట్లున్నది. ఆ విద్యాధర కథలకు తొలి వక్త పరమశివుడు, శ్రోత పార్వతీదేవి. గుణాఢ్యుడు ఏడులక్షల శ్లోకములను పైశాచీ భాషలో, సిరా లభింపక తన రక్తముతో వ్రాసి సాతవాహన మహారాజునకు పంపెను. పిశాచభాష, రక్తపు వ్రాత అని రాజు తిరస్కరించెను. విషయమేమని అడుగలేదు. గుణాఢ్యుడు అడవిలో అగ్ని రగిల్చి, ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించి అగ్నికి అర్పించెను. మృగములు మేత మరచి కన్నీటితో వినుచు చిక్కిపోయెను. వంటశాలకు వచ్చు మాంసము శుష్కించి రాజు రోగియై, కారణము వెదకుచు అక్కడికి చేరునప్పటికి ఆరులక్షలు భస్మమైనవి. మిగిలినది ఒక్క లక్ష. అట్ట చూచి తీర్పు చెప్పిన తొలివాడను నేను కానని తెలిసి కొంత ఊరట కలిగినది, కాని ఆ ఆరులక్షలు ఎవ్వరికిని తిరిగి రాలేదు.

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు వేరుగా చెప్పనక్కరలేదు. అందులో యతియే కాశీయాత్రలో మజిలీ మజిలీకి గోపబాలునకు మాయలు, రాజకుమారులు, యక్షిణుల కథలు చెప్పుచు నడిపించును. కథ లేకున్న ఆ బాలుడు కాశికి బయలుదేరడు.

అయినను ఉపాధ్యాయుల ఆక్షేపణను నేను త్రోసిపుచ్చజాలను. మననము చేయువానిని రక్షించునది గనుక మంత్రమనిరి. ఆ శబ్దమును మాయకు పర్యాయముగా వాడి వాడి తెలుగులో దానిని అరగదీసినాము. ఈ దోషము దాసరి వారిది కాదు. వారికి పూర్వమే జానపదకథలలో, తరువాత చలనచిత్రములలో జరిగినదే. వారి కథలలో నాకు నచ్చిన సంయమము ఒకటున్నది: లోయ, దుర్గము, ద్వీపము, మాంత్రికుడు అన్నియు కల్పితములే, రాముని, కృష్ణుని తెచ్చి వేషము మార్చి నడిపింపలేదు. ఇప్పటి కొన్ని కథామాలలు అట్లు కావు. రోషనీ చోక్షీ అను అమెరికా రచయిత్రి 2018 నుండి 2022 వరకు వ్రాసిన ఐదు నవలలలో పాండవుల ఆత్మలు ఈ కాలపు బాలికలుగా జన్మించినవి. మా వాళ్లు ఇట్టివి చదువవచ్చునా అని అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు ఫోనులో అడుగుచున్నారు. మూలము తెలిసిన బిడ్డకు అది వినోదము. మూలము ఎరుగని బిడ్డకు అదే మూలమై కూర్చుండును, అక్కడ ఆహార్యము భ్రాంతిగా మారును. అందువలన ముందు భారతము చెప్పి పిదప ఆ పుస్తకము ఇమ్మని చెప్పుచున్నాను. నిషేధము మాత్రము చెప్పలేదు. మొదటి సంపుటమును మా అమ్మాయి తెప్పించినది. ఆమె చదివి అర్థము చెప్పుచుండగా వినుచున్నాను. అయిదవ ప్రకరణము వరకు వచ్చినాము.

రైతుగారి మనుమడు 'రాకాసిలోయ' పూర్తిచేసి దసరా సెలవులలో మా దౌహిత్రునకు ఇచ్చినాడు. వీడికి ఎనిమిదేండ్లు. రాత్రి భోజనానంతరము నాచేత చదివించుకొన్నాడు. మూడవనాడు మధ్యలో ఆపి అడిగినాడు: "తాతా, నువ్వు చదివే మంత్రాల్లో కొండను పగలగొట్టేది ఉందా?" లేదంటిని. "మరి నీ మంత్రాలు ఏం చేస్తాయి?"

నలుబదేండ్లుగా అర్చకత్వము చేయుచున్నాను, ఈ ప్రశ్న నన్నింతవరకు ఎవ్వరును అడుగలేదు. పుస్తకములో పుట గుర్తుగా తులసిదళము ఉంచి మూసినాను. "రేపు తెల్లవారుజామున నాతో లేచి రా, కూర్చుని చూద్దువుగాని" అన్నాను. లేచినాడు. అర్ఘ్యము వదలుచుండగా నా దోసిలినే చూచుచు కూర్చున్నాడు. సూర్యోదయమైన పిమ్మట "ఏమీ అవలేదే తాతా" అన్నాడు. మరునాడును లేచినాడు.