నా పుట్టినరోజు ఏది?



పుట్టినరోజుకి హాస్టల్లో చాక్లెట్లు పంచడం మాన్పించాలని పోయిన సంచికలో ఒకరు రాశారు. పంచితే తప్పేమిటని ఇంకొకరు దాని కిందే పెన్సిలుతో రాసేశారు. (గోడపత్రిక మీద అలా రాయకూడదు. అది వేరే సంగతి.) నా బాధ చాక్లెట్ల గురించి కాదు, తేదీ గురించి.

నా పేరు సుక్ర. శుక్రవారం పుట్టేను కాబట్టి సుక్ర. మన కొండల మీద సోమ, మంగళ, బుద్ర అని పేర్లున్నవాళ్ళంతా ఇలాంటివాళ్ళే. "ఇటుకల పండగ నాలుగోరోజు, మగోళ్ళు వేట నుంచి ఇంకా రాలేదు, అప్పుడు పుట్టేవు" అంటుంది అమ్మ. ఇంత వివరంగా చెప్పినా బడిలో చేర్చినరోజున జూన్ 1 అని రాసుకున్నారు. ఆధార్‌లో జనవరి 1 పడింది. వయసు మాత్రమే చెప్పినవాళ్ళకి అలాగే పడుతుందట. మొత్తానికి నేను మూడుసార్లు పుట్టేను! జూన్ 1న బడికి సెలవులు. చైత్రంలో ఇటుకల పండగ వచ్చేసరికి పరీక్షలు. అందుకని హాస్టల్లో నాకు చప్పట్లు ఎప్పుడూ పడలేదు.

మా ఇంట్లో మాత్రం ఆ పండక్కి నాయనమ్మ ఏటేటా నాకు కొత్త మొలతాడు కట్టేది. పాతదాన్ని పారెయ్యదు. రెండూ పక్కపక్కన పెట్టి, "ఈ ఏడు గుంటడు వేలెడు పెరిగేడు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. పాతవన్నీ సొరకాయ బుర్రలో వేసి అటక మీద దాచింది. నేను మూడో తరగతిలో హాస్టల్‌కి వచ్చేసరికి బుర్రలో ఎనిమిది తాళ్ళున్నాయి. ఆ లెక్క అక్కడే ఆగిపోయింది.

మొన్న ఆదివారం గాజువాకలో మా చిన్నాన్న కొడుకు మొదటి పుట్టినరోజు. చిన్నాన్న స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. బాబు పుట్టింది కేజీహెచ్‌లో. గంట, నిమిషం కూడా కాగితం మీద ఉన్నాయి. కేకు తెచ్చేరు. కొవ్వొత్తి ఊదుతుంటే కొండ దిగి వచ్చిన నాయనమ్మ "పండగపూట దీపం ఆర్పుతారేంట్రా" అంది. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. తరవాత ఆవిడ కొంగు ముడి విప్పి, పసుపు రాసిన మొలతాడు తీసి బాబుకి కట్టింది. దాన్ని ఎవరూ ఫొటో తియ్యలేదు. రెండో ముడిలో నాది ఉంది. అంతమందిలో కట్టించుకోడానికి సిగ్గేసి జేబులో పెట్టుకున్నాను.

కేకు చెడ్డదని నేననను. రెండు ముక్కలు తిన్నాను. కాగితం వద్దనీ అనను. పుట్టిన 21 రోజుల్లోగా నమోదు చేయించాలని 1969 నాటి చట్టమే ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బడిలో చేరడానికి ఆ సర్టిఫికెట్టే ఆధారం. కాబట్టి మీ ఇళ్ళలో చంటిపిల్లలుంటే బేగి రాయించమని చెప్పండి. కాని కాగితం తేదీ వేరు, ఇంటివాళ్ళు గుర్తుంచుకున్న రోజు వేరు. మైదానంలో కూడా పెద్దవాళ్ళు తిథి చూసే పిల్లలకి తలంటి, హారతిచ్చి, పరమాన్నం పెట్టేవారు. ఇంగ్లీషు తేదీ చూసి కాదు.

ఇంకో మాట. ఏటా జూలై 4న మనం అల్లూరి సీతారామరాజు పుట్టినరోజు చేస్తాం. ఆయన 1897లో పుట్టేరని అందరం అప్పజెప్తాం. మంచిదే. ఆయన పక్కన పోరాడిన గాం గంటం దొరకి, గాం మల్లు దొరకి ఇక్కడ ఒక్కసారీ దండ వెయ్యలేదు. మల్లు దొర 1952లో విశాఖ నుంచి పార్లమెంటుకి గెలిచారు కూడా. తేదీ తెలిసినవాళ్ళకే దండ పడుతుందా అని నా అనుమానం.

వార్డెన్ సారుగారికి నా మనవి. నెలకో ఆదివారం రాత్రి భోజనాలయ్యేక అరగంట ఇప్పించండి. ఆ నెలలో పుట్టినవాళ్ళు, తేదీ లేనివాళ్ళయితే పండగనో పంటనో బట్టి లెక్క చెప్పి, లేచి నిలబడి తమకి ఆ పేరెందుకు పెట్టేరో, ఇంట్లో ఏం చేస్తారో చెప్తారు. అందరం చప్పట్లు కొడతాం. ఖర్చేమీ లేదు. చాక్లెట్లు ఎవరైనా పంచితే వద్దనను.

ఈసారి కూడా ఇటుకల పండక్కి పరీక్షలే. నా తాడు ట్రంకుపెట్టెలో ఉంది. ఆరోజు ఎవరైనా కట్టాలి, వెనకవేపు ముడి నాకు సరిగ్గా పడదు.

— సుక్ర, 9వ తరగతి