డాక్యుమెంటేషన్ ఎవరి కోసం రాస్తున్నారు?

"డాక్యుమెంటేషన్ చదువుకో." కోడింగ్ నేర్చుకునే పిల్లలు ఏ సందేహం అడిగినా సీనియర్లు చెప్పే మాట ఇదే. చదవకుండా అడుగుతున్నారనే కదా దాని అర్థం! మా పిల్లలు చదివారు. చదివాకే అడిగారు.

జరిగింది చెబుతాం. పైథాన్‌లో సొంత మాడ్యూల్ రాయడం మొదట్లో చిన్న పనే. కొన్ని ఫంక్షన్లు ఒక ఫైల్లో రాసుకుని, ఇంకో ఫైల్లోంచి ఇంపోర్ట్ చేసుకోవడం. మా దగ్గర నేర్చుకుంటున్న ఒక అమ్మాయి సండే స్కూల్ క్విజ్ కోసం, చీటీలు తీసినట్టు పేర్లు తీసే ప్రోగ్రామ్ రాసింది. ఫైల్‌కి 'ర్యాండమ్' అని పేరు పెట్టింది. లోపల పైథాన్‌తో వచ్చే ర్యాండమ్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసింది. పైథాన్ దాన్ని ముందు ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్లోనే వెతుకుతుంది. అసలు మాడ్యూల్‌కి బదులు ఆమె ఫైలే దొరికింది. అందులో 'చాయిస్' అనే ఫంక్షన్ లేదని ఎర్రర్ వచ్చింది. రెండు సాయంత్రాలు అక్షరం అక్షరం సరిచూసుకుంది. చివరికి తనకే బుర్ర లేదనుకుంది.

ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో లేదా? ఉంది. ట్యుటోరియల్ ఆరో అధ్యాయంలో, మాడ్యూల్ సెర్చ్ పాత్ అనే శీర్షిక కింద ఉంది. ఆ శీర్షిక కింద చూడాలని తెలియాలంటే, తప్పేమిటో ముందే తెలిసుండాలి!

పైథాన్ తొలిసారి బయటికొచ్చింది 1991లో. నీ ఫైల్ పేరు వల్లే ఈ చిక్కు, పేరు మార్చి చూడు అని సూచించే ఎర్రర్ 2024 అక్టోబరులో 3.13 వెర్షన్‌తో గాని రాలేదు. ఇది చాలామంది చేసే తప్పేనని తయారుచేసినవాళ్లే అప్పుడు రాశారు. ఆ 33 ఏళ్లూ తలదించుకున్నది ఎవరు?

రిఫరెన్స్ నిపుణుల కోసమే కదా అంటారు. కావచ్చు, అది నిఘంటువు లాంటిది, అలాగే ఉండనివ్వండి. నిఘంటువు చేతికిచ్చి భాష నేర్చుకోమనడమే అన్యాయం. డానియేల్ ప్రోచిడా 'డయాటాక్సిస్' పేరుతో ఎప్పుడో చెప్పారు: నేర్పే పాఠం వేరు, పని చేసుకునే గైడ్ వేరు, రిఫరెన్స్ వేరు, వివరణ వేరు. నాలుగూ కలిపేసి ఒక లింకు పంపితే సాయం చేసినట్టా?

ఇంజినీర్ల ఇళ్లల్లో పిల్లలకు పక్క గదిలోనే అడగడానికి ఒకరుంటారు. బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో, తెర మీద ఇంగ్లీషు. ఇన్ని భాషలు దాటి వచ్చిన పిల్లని ఒక్క మాటతో వెనక్కి పంపేస్తున్నాం.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ! చదువుకోమనే ముందు ఏ పేజీయో, ఏ పేరానో చూపించండి. నేర్చుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఎక్కడ ఆగిపోయారో ఆ రోజే రాసిపెట్టుకోండి. వచ్చేశాక అది ఎందుకు కష్టమైందో మీకూ గుర్తుండదు, మీరూ ఆ సీనియర్ల లాగే మాట్లాడతారు.

ఆ అమ్మాయి నోట్‌బుక్ మొదటి పేజీలో ఇప్పుడు తెలుగులో ఇలా ఉంది: "ఫైల్‌కి ర్యాండమ్ అని పేరు పెట్టొద్దు. ఎందుకో కింద రాశాను."